పోయిన తడవ ఏం కొట్టారు?

మొదటిసారి వెళ్ళినప్పుడు ఈ పురుగుమందుల కొట్టులో నాకు మందు అమ్మలేదు. జేబులో డబ్బుంది, చేలో పురుగుంది, నేనడిగిన డబ్బా బల్ల వెనక అరలో కళ్ళకెదురుగానే ఉంది. అయినా ఇవ్వలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళుగా అక్కడే కొంటున్నాను. ఎందుకు కొంటున్నానో, మధ్యలో ఎక్కడ ఒళ్ళు మండిందో రెండూ రాస్తాను.

కొట్టు చిలకలూరిపేటలో. పేరు రాయను, కొట్టు నడిపే పెద్దాయనే వద్దన్నాడు. "పేరు పెట్టి పొగిడితే నేనే రాయించుకున్నానంటారు మాస్టారూ. తిడితే మావాడు మీ ఇంటికొస్తాడు" అన్నాడు. మూడు మెట్లు, మెట్ల పక్కన వేపచెట్టు, లోపల గోడకి ఎర్ర అక్షరాలతో "అరువు లేదు" అన్న బోర్డు. మందుల కోసం పేటకొచ్చేవాళ్ళకి ఈ గుర్తులు చాలు.

నా సంగతి రెండు ముక్కల్లో. జూనియర్ కాలేజీలో 31 ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి 2020లో రిటైరయ్యాను. మూడెకరాలుంది. రెండెకరాలు పత్తి, ఎకరం మిరప. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆదివారాల వ్యవసాయం, ఇప్పుడు రోజూ.

2021 డిసెంబరు. ఆ ఏడు మిరప వేసిన వాళ్ళెవరికీ వేరే చెప్పనక్కర్లేదు, నల్ల తామర పురుగులు పూతలో దూరి మనుషుల్ని ఏడిపించిన ఏడు. ఎవరు ఏది చెబితే అది కొట్టాం. ఆ గోలలో నా చేలో కాయ తొలిచే శనగపచ్చ పురుగు కూడా లేచింది. క్లోరాంట్రానిలిప్రోల్ కొట్టాను. పది రోజులకి మళ్ళీ కనిపిస్తే ఇంకోసారి అదే కొట్టాను. మళ్ళీ కనిపించింది. పక్క చేను ఆయన "ఇంకా అదే పట్టుకు వేలాడతావేంటి మాస్టారూ, ఫ్లూబెండియమైడ్ కొట్టు, అది వేరే కంపెనీ" అన్నాడు. నిజమే కదా అనుకుని బండేసుకుని పేట వచ్చాను. ఎప్పుడూ వెళ్ళే కొట్టులో సరుకు లేక ఈ మెట్లెక్కాను.

పెద్దాయన కుర్చీలోంచి లేవలేదు. "పోయిన తడవ ఏం కొట్టారు?" అన్నాడు. చెప్పాను. "అంతకు ముందు?" అదే అన్నాను. అప్పుడు లేచి, నేను కొట్టిన మందు డబ్బా ఒకటి, నేనడిగింది ఒకటి తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. లేబుల్ మూల చిన్న అంకె మీద వేలు పెట్టాడు. రెండింటి మీదా 28.

"సంచి మారితే బియ్యం మారతాయా మాస్టారూ?"

ఆ 28 మందు పనిచేసే తీరుకి ఇచ్చిన అంకె. ఈ జట్టు మందులన్నీ పురుగు కండరంలో ఒకే చోట పనిచేస్తాయి. కండరం లోపల కాల్షియం దాచుకునే గది ఒకటుంటుంది, దానికొక ద్వారం. రయనోడిన్ రిసెప్టర్ అంటారు. మందు వెళ్ళి ఆ ద్వారాన్ని తెరిచి పట్టుకుంటుంది. కాల్షియం కారిపోతుంది, కండరాలు బిగుసుకుంటాయి, పురుగు నోరు కదపలేక ఆకు తినడం మానేస్తుంది. చావు రెండు మూడు రోజుల తర్వాత, తిండి ఆగడం మాత్రం కొద్ది గంటల్లోనే.

ఆ ద్వారం ఐదు వేల పైచిలుకు అమైనో ఆమ్లాల గొలుసు. క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగులో, ఫిలిప్పీన్స్‌లోనూ థాయ్‌లాండ్‌లోనూ ఈ మందులు పనిచెయ్యడం మానేస్తే శాస్త్రవేత్తలు వెతికారు. గొలుసులో 4946వ స్థానంలో గ్లైసీన్ ఉండాల్సిన చోట గ్లుటామిక్ ఆమ్లం ఉంది. డీఎన్ఏలో ఒక్క అక్షరం మారితే చాలు ఈ మార్పు వస్తుంది. ఆ ఒక్క మార్పుతో ఫ్లూబెండియమైడ్, క్లోరాంట్రానిలిప్రోల్ రెండూ కలిసి ఓడిపోయాయి. రెండూ పట్టుకునేది ఆ ద్వారాన్నే కాబట్టి. కంపెనీ వేరు, డబ్బా రంగు వేరు, ధర వేరు. పురుగుకి అవేవీ తెలియవు.

ఇంటర్ పిల్లలకి ఉత్పరివర్తనం అంటే నిర్వచనం రాయించి, రెండు మార్కులు వేసినవాణ్ణి నేను. పదో తరగతి చదివిన కొట్టాయన వేలు పెట్టి చూపిస్తే గానీ నా చేలో అదెలా ఉంటుందో తట్టలేదు. ఆ రోజు వట్టి చేతుల్తో పంపించాడు. "రేపు పురుగుని పట్టుకురండి, చూసి ఇస్తాను" అన్నాడు.

అగ్గిపెట్టెలో రెండు పురుగులు పెట్టుకుని వెళ్ళాను. ఆయన తీరు అప్పుడు అర్థమైంది. పురుగు అనగానే మందు తియ్యడు. ముందు సైజు. అగ్గిపుల్ల తలకాయంత ఉందా, పుల్లంత ఉందా? పుల్లంత పొడుగైన పురుగు చిన్నప్పుడు చచ్చే మోతాదుకి చావదు, అందులో జన్యువుల గొడవేమీ లేదు. తర్వాత నీళ్ళు. ఎకరానికి ఎన్ని ట్యాంకులు పట్టించారు? మిరప గుబురుగా ఎదిగాక నాలుగు ట్యాంకులతో ముగించేస్తే మందు పై ఆకులకే చాలుతుంది. తర్వాత, పొద్దున కొట్టారా మిట్టమధ్యాహ్నం కొట్టారా. ఆఖరున, ఆ డబ్బా ఎక్కడ కొన్నారు, బిల్లుందా. "ఈ నాలుగూ అయ్యాకే పురుగుని అనుమానించాలి మాస్టారూ. మన తప్పులన్నీ పాపం దాని మీదికి తోస్తే ఎట్టా?" అన్నాడు.

నా నాలుగు జవాబులూ పరీక్షలో అత్తెసరు మార్కులతో పాసయ్యాయి. అప్పుడు స్పినెటోరామ్ ఇచ్చాడు. అది 5వ జట్టు, పనిచేసేది నరాల మీద, వేరే చోట. డబ్బా మూత మీద నల్ల మార్కరుతో పెద్దగా 5 అని రాశాడు. బిల్లు మీదా రాశాడు. తన దగ్గరున్న గోధుమ రంగు అట్ట నోటు బుక్కులో నా పేరు, తేదీ, పంట, పురుగు, 5. "మళ్ళీ వచ్చేటప్పుడు మూత తెండి, మీకు గుర్తుండదు" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో వరండా గోడ మీద మూతలు వరసగా ఉంటాయి. 5, 6, 22, 28, 15. ఎమామెక్టిన్ 6, ఇండాక్సాకార్బ్ 22, నొవాల్యురాన్ 15. ఒక తరం పురుగు పూర్తయ్యేదాకా, అంటే సుమారు నెల రోజులు, ఏ అంకెతో మొదలెడితే ఆ అంకె. తల్లి పురుగులు మళ్ళీ గుడ్లు పెట్టే వేళకి అంకె మార్చాలి. రెండు మందులు కలిపిన డబ్బా అయితే మూత మీద రెండు అంకెలు. "28, 3" అని రాసి ఉంటే నెల కింద సైపర్‌మెత్రిన్ కొట్టిన వాడు అది కొనకూడదు, సైపర్‌మెత్రిన్‌దీ 3వ జట్టే కాబట్టి. మా ఆవిడ వాటిని చూసి "ఏమండీ, మట్కా నంబర్లా?" అంటుంది. అలాంటివే అనుకోవచ్చు. ఒకే నంబరు మీద మళ్ళీ మళ్ళీ కాసేవాడు మునుగుతాడు.

ఊరుకోలేక ఒక పని చేశాను, అదీ చెప్పేస్తాను. పాత ఇడ్లీ రేకులు నాలుగు, 16 గుంటలు. 12 గుంటల్లో క్లోరాంట్రానిలిప్రోల్ లీటరుకి 0.3 మిల్లీలీటర్ల చొప్పున కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన మిరపాకు, నాలుగింట్లో వట్టి నీళ్ళలో ముంచిన ఆకు. గుంటకొక పురుగు, పైన టీ కప్పు బోర్లింపు. గుంటకొకటే ఎందుకంటే శనగపచ్చ పురుగు పక్కదాన్ని కూడా తినేస్తుంది. నాలుగో రోజు చూస్తే నీళ్ళ ఆకు తిన్న నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. మందాకు మీదున్న 12లో ఎనిమిది చచ్చాయి. మిగిలిన నాలుగులో రెండు ఆకుని కొరుకుతూ కనిపించాయి. 12 పురుగులతో ఏ శాస్త్రమూ తేలదు, దానికి రకరకాల మోతాదులు, మందంటే తెలియని ల్యాబు పురుగులతో పోలిక, అన్నీ కావాలి. కానీ ఆ రెండు పురుగుల మొహం చూశాక నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. రేకులు మళ్ళీ వంటింట్లోకి రాలేదు, అది మాత్రం తేలింది. కొత్త స్టాండు కొనాల్సొచ్చింది.

ఈ సంగతి చెబితే పెద్దాయన నవ్వలేదు. "87 మీకు తెలుసా?" అన్నాడు.

తెలియకపోవడమేంటి. అప్పటికి నాకు 25 ఏళ్ళు. మా నాన్నకి పర్చూరు దగ్గర ఆరెకరాల నల్లరేగడి, అంతా పత్తి. ఫెన్‌వలరేట్, సైపర్‌మెత్రిన్ వచ్చిన కొత్తలో దేవుడిచ్చిన మందులన్నారు. పొద్దున కొడితే సాయంత్రానికి సాళ్ళ మధ్య శనగపచ్చ పురుగులు రాలిపడి ఉండేవి. 1987లో అదే మందు, అదే చెయ్యి, రాలడం లేదు. నాన్న మోతాదు పెంచాడు. రెండు మందులు కలిపాడు. వారానికోసారి కొట్టేది మూడు రోజులకోసారి చేశాడు. ఆఖరికి కూలీలని పెట్టి పురుగుల్ని చేత్తో ఏరించి కిరసనాయిలు కలిపిన నీళ్ళ బకెట్లలో వేయించాడు. ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల పత్తి చేలన్నిటిదీ అదే కథ. అప్పుడే మన కోస్తా పురుగుల్ని పట్టుకెళ్ళి పరీక్షించి, ఈ జాతి మందుల్ని, అంటే పైరిథ్రాయిడ్లని, ఇవి తట్టుకుంటున్నాయని నిర్ధారించారు. 90వ దశకంలో పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఊరూరా పురుగుల్ని సేకరించి, ఒక్కొక్క దాని వీపు మీద ఒక మైక్రోలీటరు మందు చుక్క పెట్టి లెక్కలు కట్టారు.

మా నాన్న చివరిదాకా ఒకే మాట అనేవాడు: "పురుగు మందుకి అలవాటు పడిందిరా." ఇప్పటికీ అందరం అనేది అదే. ఆ మాటే తప్పు. సారా తాగేవాడు అలవాటు పడ్డట్టు ఏ పురుగూ అలవాటు పడదు. చేలో లక్ష పురుగులుంటే వాటిలో ఏ పదింటికో పుట్టుకతోనే ఆ గుణం ఉంటుంది. మందు మిగతావాటిని తీసేసి ఆ పదింటికీ చేనంతా రాసిచ్చేస్తుంది. ఒక తల్లి పురుగు వెయ్యి దాకా గుడ్లు పెడుతుంది. మనం చేసింది అలవాటు చెయ్యడం కాదు, వారసుల్ని ఏర్పాటు చెయ్యడం.

ఆ గుణం ఏమిటో 2012లో జర్మనీలో యేనా నగరంలోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు ఒక ఆస్ట్రేలియా పురుగులో పట్టుకున్నారు. అది చదివిన రోజు స్టాఫ్ రూములో ఎవరికి చెప్పాలో తెలియక ఫిజిక్స్ లెక్చరర్‌ని కూర్చోబెట్టి చెప్పాను. శనగపచ్చ పురుగులో విషాల్ని విరగ్గొట్టే ఎంజైముల జన్యువులు రెండు పక్కపక్క ఇళ్ళలా ఉంటాయి, చూడ్డానికి దాదాపు ఒకటే. అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతకట్టి ముక్కలు మార్చుకుంటాయి కదా, వినిమయం అని రెండు రంగుల సుద్దముక్కలతో బోర్డు మీద ఏటా గీసేవాణ్ణి. ఆ జత ఒక ఇల్లు అటూ ఇటూగా కుదిరింది. తెగి అతుక్కునేసరికి ఒక జన్యువు ముందు భాగం, ఇంకోదాని వెనక భాగం కలిసి మూడోది పుట్టింది. దానికి సి.వై.పి. 337 బి 3 అని పేరు. తల్లిదండ్రుల్లాంటి ఆ రెండింటికీ చేతకాని పని ఈ అతుకుల బొంత చేసింది. ఫెన్‌వలరేట్‌ని పట్టుకుని దానికో ఆక్సిజన్ తగిలించి విషం కాకుండా చేసేసింది. తట్టుకునే శక్తి సుమారు 42 రెట్లు.

ఒక్కచోట జరిగిన ప్రమాదం అనుకుంటే పొరపాటు. ఇదే అతుకు వేర్వేరు దేశాల్లో విడివిడిగా చాలాసార్లు పడింది, పాకిస్తాన్ పురుగుల్లోనూ కనిపించింది. 2013లో ఈ పురుగు బ్రెజిల్‌లో బయటపడింది. అక్కడి మొక్కజొన్న మీదుండే దాని దాయాది పురుగుతో వియ్యమంది, ఆ జన్యువుని కట్నంగా ఇచ్చేసింది. ఇప్పుడు ఆ దాయాది కూడా పైరిథ్రాయిడ్లకి నవ్వుతోంది.

కాబట్టి మందుని పురుగు రెండు రకాలుగా ఓడిస్తుంది. మందు పట్టుకునే చోటుని మార్చుకోవడం ఒకటి, మందుని పట్టుకుని విరగ్గొట్టడం రెండోది. మొదటిదైతే అంకె మారిస్తే మనం చాలావరకు గట్టెక్కుతాం. రెండోది మొండిది, విరగ్గొట్టే ఎంజైము ఒక్కోసారి వేరే అంకె మందుని కూడా విరగ్గొడుతుంది. అందుకే పెద్దాయన అంకెలు మార్చమంటాడు గానీ అంకెలు మారిస్తే చాలని ఎప్పుడూ అనడు. ఆయనకి ఎంజైముల పేర్లు తెలియవు. 40 ఏళ్ళు ఆ బల్ల వెనక కూర్చున్నాడు, ఏ మందు ఏ ఏడు నుంచి తిరిగిరావడం మొదలైందో తెలుసు.

ఇక పత్తి. దీనికి కొట్టు వెనక గదిలోకి వెళ్ళాలి. అక్కడ మూలన ఒక గోతాం నిండా చిన్న పొట్లాలు, దుమ్ము పట్టి ఉన్నాయి. 450 గ్రాముల బీటీ విత్తనంతో (పురుగుని చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే పత్తి) పాటు ఇచ్చే 120 గ్రాముల మామూలు పత్తి గింజలు. చుట్టూ ఐదు వరసలు వెయ్యమని కంపెనీ ఇచ్చేది. రైతులు బల్ల మీదే వదిలేసి వెళ్ళేవాళ్ళట. నేనైతే ఇంటికి తెచ్చి గట్టు మీద పారేశాను, రెండేళ్ళు. జంతుశాస్త్రం లెక్చరర్ని!

ఆ పొట్లం ఎందుకిచ్చేవాళ్ళో బోర్డు మీద గీస్తే మెండెల్ పాఠమే. పత్తి కాయని తొలిచే గులాబి రంగు పురుగులో బీటీ విషాన్ని తట్టుకునే గుణం అంతర్గతం. తల్లి దగ్గర నుంచి ఒకటి, తండ్రి దగ్గర నుంచి ఒకటి, రెండూ వస్తేనే పురుగు బతుకుతుంది. ఒక్కటే వస్తే బీటీ కాయ తిని చస్తుంది. చేను పక్కన మామూలు పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు బోలెడు పుడతాయి, బీటీ చేలో బతికి బయటపడ్డ ఒకటీ అరా మొండి పురుగు వాటితోనే జతకడుతుంది, పిల్లలకి ఒక్కో ప్రతే అందుతుంది, చస్తాయి. మామూలు పత్తి లేకపోతే మొండిది మొండిదాన్నే కట్టుకుంటుంది. మన ఇళ్ళల్లో మేనరికాల సంగతి చెబుతూ పిల్లలకి నేర్పిన పాఠమే ఇది.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. రెండు రకాల విషాలకి రెండు జన్యువులున్నది 2006లో. 2010లో గుజరాత్‌లో నాలుగు జిల్లాల గులాబి పురుగు మొదటి విషాన్ని తట్టుకుంటోందని విత్తనం వెనకున్న కంపెనీయే ప్రకటించింది. మరో నాలుగైదేళ్ళకి రెండో విషం కూడా పోయింది. పురుగు పేగు గోడ మీద కాధెరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, మొదటి విషం దాన్ని కొక్కెంలా పట్టుకుంటుంది. మన దేశపు మొండి పురుగుల్లో ఆ కాధెరిన్ తయారీ ఆదేశాన్ని కత్తిరించి కుట్టే దగ్గరే తేడాలొచ్చాయి, ముక్కలు ఎగిరిపోయాయి. కొక్కెం లేదు, విషం పట్టుకోవడానికి చోటు లేదు. రెండో విషానికి వేరే ప్రొటీను, ఎ.బి.సి.ఎ 2 అనేది, దాని జన్యువూ చెడిపోయింది. ఇక్కడ మందుని విరగ్గొట్టడాలేమీ లేవు. తాళం కప్పనే ఊడబెరికేసింది.

మనం హైబ్రిడ్ వెయ్యడం కూడా దీనికి తోడైంది. హైబ్రిడ్ మొక్కలో బీటీ జన్యువు ఒక్క ప్రతే ఉంటే, దాని కాయలోని గింజల్లో అది విడిపోతుంది. రెండు జన్యువులకి 9:3:3:1, పరీక్షకి బట్టీ పట్టిన ఆ నిష్పత్తే. అంటే ఒకే కాయలో పూర్తి విషం ఉన్న గింజ, సగం విషం ఉన్న గింజ, అసలు లేని గింజ కలిసి ఉంటాయి. గులాబి పురుగు తినేది ఆ గింజల్నే. పురుగుకి కొంచెం కొంచెంగా రుచి చూపిస్తూ పెంచినట్టైంది.

శనగపచ్చ పురుగు మాత్రం బీటీ పత్తి ముందు ఇంకా చాలావరకు ఓడిపోతూనే ఉంది. అదేం మంచిదని కాదు. అది కంది తింటుంది, శనగ తింటుంది, మిరప, టమాటా ఏదైనా తింటుంది. అవన్నీ బీటీ లేని పంటలు, కాబట్టి మామూలు పురుగులు ఎప్పుడూ పుడుతూనే ఉంటాయి. గులాబి పురుగు పత్తి తప్ప దాదాపు వేరేది ముట్టదు. దానికి ఆ 120 గ్రాముల పొట్లమే దిక్కు, దాన్ని మనం గట్టు మీద పారేశాం. అమెరికాలో ఆరిజోనా రైతులు మామూలు పత్తి వేశారు, తర్వాత గొడ్డు పురుగుల్ని విమానాల్లోంచి వదిలారు, 2018లో అక్కడ గులాబి పురుగు లేదని ప్రకటించారు. ఇప్పుడు మన దగ్గర ఆ గింజల్ని విడిగా ఇవ్వకుండా అదే సంచిలో కలిపి 475 గ్రాములుగా ఇస్తున్నారు. పారేసే అవకాశం లేదు.

కాయలోపలి పురుగుకి మందు కొట్టి లాభం లేదు కాబట్టి పెద్దాయన పత్తికి నాకు లింగాకర్షక బుట్టలు అమ్మాడు, ఎకరానికి నాలుగు. రోజుకి బుట్టకి ఎనిమిది మగ రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితే అప్పుడు రమ్మన్నాడు. ఇక్కడే ఒళ్ళు మండింది.

నవంబరులో పది రోజులు బుట్టలు చూశాను. సున్నా, సున్నా, ఒకటి, సున్నా. హాయిగా పడుకున్నాను. పదకొండో రోజు పత్తిలో నడుస్తుంటే గుడ్డి పూలు. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయి, విప్పితే లోపల పురుగు. ఒక చెట్టుకి కాదు, సాలంతా. బుట్టలో లేని పురుగు పూలలోకి ఎక్కడి నుంచి వచ్చినట్టు? బుట్టలోని ఎర, అదే లూర్, తీసి పేట వచ్చాను. ఆ రోజు పెద్దాయన లేడు, కొడుకున్నాడు. లూర్లు ఎక్కడ పెడతారు బాబూ అంటే రేకుల కప్పు కింద, ఎండపడే అర చూపించాడు. లూర్‌లో ఉండేది ఆడ పురుగు వాసన, ఎగిరిపోయే సరుకు. చల్లగా దాచాలి. రేకుల వేడికి చేలోకి రాకముందే వాసనంతా కొట్టులోనే అయిపోయినట్టుంది. ఎర్రగా చూసి "ఫ్రిజ్ లేదా?" అన్నాను. "ఉంది సార్, దాంట్లో కూల్‌డ్రింకులు" అన్నాడు.

మర్నాడు పెద్దాయన ఫోన్ చేసి కొత్త లూర్లు ఇంటికి పంపాడు, డబ్బు తీసుకోలేదు. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు పోయి లూర్లు వచ్చాయి, నేను చూశాను. కానీ ఆ పది రోజులు నాకెవరిస్తారు? డిసెంబరులో చేను కొట్టేసి, మోడు దున్నేశాను. ఆఖరి తీతలు పోయాయి. పెద్దాయనకి అది చెప్పినా "సరే, డిసెంబరులో తీసెయ్యడమే మంచిది" అన్నాడు. నిజమే గానీ ఆ రోజు వినాలనిపించే మాట కాదు.

కొడుకు చెడ్డవాడు కాదు. అతని చేతిలో ఎప్పుడూ ఏదో కంపెనీ స్కీము కాగితం ఉంటుంది, పది డబ్బాలు అమ్మితే ఏదో వస్తుంది. నన్ను చూడగానే "సార్, కొత్త కాంబినేషన్ వచ్చింది" అంటాడు. నోటు బుక్కు తెరవడు. ఒకసారి బల్ల చివర లేబుల్ సరిగ్గా లేని "బయో" సీసాలు కూడా చూశాను. దానిలో ఏముందో రాయనప్పుడు మూత మీద ఏ అంకె రాస్తారని అడిగితే నవ్వేశాడు. తర్వాతి నెలకి ఆ సీసాలు లేవు.

మరి ఇంత మంచి కొట్టుకి జనం ఎందుకు తక్కువ? ఎదురు కొట్టు ఎప్పుడూ కిటకిటలాడుతూ ఉంటుంది. కారణం ఆ ఎర్ర బోర్డు. ఎదురు కొట్టులో అరువిస్తారు, పంట అమ్మాక కట్టొచ్చు. కౌలు రైతు చేతిలో సెప్టెంబరులో డబ్బెక్కడుంటుంది? అరువు తీసుకున్నవాడు "ఈ 28 వద్దు, నాకు 5 కావాలి" అనలేడు. ఇచ్చింది తీసుకోవాలి, మూడు కలిపి ఇస్తే మూడూ కొట్టాలి. పురుగులో జన్యువుల్ని ఏరేది మందే, కానీ ఏ మందో తేలేది అరువు పుస్తకంలో. ఈ సంగతి పెద్దాయనకీ తెలుసు. "అరువు పెడితే అడిగే ధైర్యం నాకుండదు మాస్టారూ, అమ్ముడుపోని డబ్బా వాడి నెత్తిన రుద్దుతాను" అన్నాడు. అంత నిజాయితీగా చెప్పే మందుల కొట్టాయన్ని నేను చూడలేదు. అయినా డబ్బున్న నాలాంటి పెన్షన్‌దారుకే ఈ కొట్టు పనికొస్తుంది, నా చేను పక్కన కౌలు చేసేవాడికి పనికిరాదు. అతని చేలో బతికిన తల్లి పురుగుకి నా గట్టు అడ్డం కాదు. ఐదు నక్షత్రాల్లో ఒకటి దీనికే తగ్గిస్తున్నాను. లూర్లకి ఇంకో అరా తగ్గిద్దామనుకున్నాను గానీ ఫ్రిజ్ చూసి వదిలేశాను.

వెళ్ళేవాళ్ళ కోసం. ఆదివారం మూసి ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా షట్టరు సగం దించి పెద్దాయన లోపలే నిద్రపోతాడు, లేపితే విసుక్కుంటాడు గానీ చెబుతాడు. సాయంత్రం ఆరు దాటితే కొడుకుంటాడు, లూర్లకి తప్ప అప్పుడు వెళ్ళకండి. బిల్లు అడగక్కర్లేదు, వద్దన్నా ఇస్తారు. మొక్కజొన్నకి కత్తెర పురుగని వెళ్తే సుడిలో పురుగు ఫోటో తీసుకెళ్ళండి. 2018లో మన దేశంలో అడుగుపెట్టిన ఆ పురుగుని కొత్తగా చేరిన దేశాల్లో పరీక్షిస్తే, పాత మందుల్ని తట్టుకునే మార్పులు కొన్ని పుట్టింటి నుంచే తెచ్చుకున్నట్టు తేలింది. చవకగా వస్తుందని పాత మందు అడిగితే పెద్దాయన ఇవ్వడు. మెట్ల మీద చెప్పులు విడవాలి. పాత డబ్బాల మూతలు ఉంటే జేబులో వేసుకెళ్ళండి, లేకపోతే మీకూ నాలాగే వట్టి చేతులే.